అడామా చెప్పిన అబద్ధం

మారతహళ్లి గదిలో బావా నేనూ రాత్రుళ్లు 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే అంతరిక్ష కథల టీవీ సిరీస్ చూస్తున్నాం, 2003 మినీ సిరీస్ నుంచి మొదలుపెట్టి. నాది నెట్‌వర్క్ ఉద్యోగం. అందులో కమాండర్ అడామా ఏమో తన అంతరిక్ష యుద్ధ ఓడలో కంప్యూటర్లను ఒకదానికొకటి కలపనివ్వడు! మ్యూజియం కావాల్సిన ఆ పాత ఓడ నెట్‌వర్కుల్లోకి చొరబడే సైలాన్లనే రోబోల దాడిని తట్టుకుందంటే అందుకే. "మీ ఉద్యోగాలన్నీ ఊడగొట్టేలా ఉన్నాడ్రా నీ హీరో" అంటాడు బావ.

నన్ను పట్టేసింది మాత్రం అడామా అబద్ధం. ఆ దాడి తర్వాత మనుషుల్లో మిగిలింది సుమారు 50,000 మంది. వెళ్లడానికి చోటు లేదు. వాళ్లు పురాణాల్లో మాత్రమే విన్న భూమి ఎక్కడుందో తనకు తెలుసని అందరి ముందూ ప్రకటిస్తాడు. ప్రెసిడెంట్ రాస్లిన్ నిలదీస్తే, తెలీదని చాటుగా ఒప్పుకుంటాడు. బావ దృష్టిలో అది పచ్చి మోసం. నేనొప్పుకోను. శవాల ముందు నిలబడ్డ జనానికి నిజం చెప్పి ఏం ఒరగబెట్టాలి? అయినా అడామా వేషం వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ ఆ గరగర గొంతుతో చెబితే నేనైనా పెట్టె సర్దేస్తా.