పెన్నీ బ్లాక్‌కి అతికించిన అంచు: ఆన్‌లైన్ వేలంలో నా అనుభవం

నిన్న రాత్రి డబ్బు వెనక్కి వచ్చింది. మొత్తం రాలేదు. సర్టిఫికెట్ ఫీజు, పోస్టేజీ నా నెత్తినే పడ్డాయి. అయినా పెద్ద మొత్తం చేతికొచ్చింది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. నాలుగు రోజులు పోతే కోపం చల్లారుతుంది, అప్పుడు ఆ వేలం సంస్థవాళ్ళు కూడా మంచివాళ్ళలాగే కనిపిస్తారు.

నేను కొన్నది పెన్నీ బ్లాక్. 1840 మే నెలలో బ్రిటన్ విడుదల చేసిన స్టాంపు, ప్రపంచంలో మొట్టమొదటి అంటించే తపాలా స్టాంపు. పేరు విని చాలామంది అదేదో దొరకని వస్తువనుకుంటారు. దాదాపు 6.8 కోట్లు అచ్చువేశారు, ఎప్పుడు వెతికినా ఏదో ఒక వేలంలో ఉంటుంది. దొరకనిదల్లా నాలుగు వైపులా అంచు నిండుగా ఉన్న స్టాంపు. అప్పటికి స్టాంపుల మధ్య చిల్లులు పెట్టడం మొదలవలేదు. 240 స్టాంపుల షీటును కత్తెరతో కత్తిరించుకోవాల్సిందే. మధ్యలో జాగా చాలా సన్నం. కత్తెర ఇటు జరిగితే దీని అంచు పోతుంది, అటు జరిగితే పక్కదాని అంచు పోతుంది. అందుకే నాలుగు అంచులున్నదానికీ మూడున్నదానికీ ధరలో అంత తేడా. ధరలో తేడా ఉన్నచోట, లేని అంచును పుట్టించే పనివాళ్ళు కూడా ఉంటారు.

రిజిస్ట్రేషన్, గుర్తింపు పత్రం, కార్డు వివరాలు... ఇందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు. బిడ్ వేయడం కూడా అంతే. ప్రాక్సీ బిడ్ పద్ధతిలో మన గరిష్ఠం చెప్పేసి పడుకోవచ్చు. అవతలివాడి కంటే ఒక్క మెట్టు మాత్రమే పైకి వెళ్తూ సిస్టమే మన తరఫున పాడుతుంది. కొన్ని సైట్లలో ఆఖరి క్షణంలో బిడ్ పడితే గడువు పొడిగిస్తారు, కొన్నిట్లో టైమ్ అయిందంటే అయిపోయినట్టే. ఏది ఏ రకమో ముందే చూసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇంకో మాట. సుత్తి పడిన ధర, అంటే గెలిచిన ఆఖరి బిడ్, మీరు కట్టే ధర కాదు. దానిమీద బయ్యర్స్ ప్రీమియం, అంటే వేలం సంస్థ కొనేవాడి దగ్గర తీసుకునే రుసుము, 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, ఆపైన పన్ను, ప్యాకింగ్, ఇన్సూరెన్స్. అన్నీ కలిపితే తడిసి మోపెడవుతుంది. నేను ఎప్పుడూ ఆఖరి మొత్తం నుంచి వెనక్కి లెక్కేసుకునే బిడ్ వేస్తాను. అందుకే పోటీ వేడిలో పడి చేతులు కాల్చుకున్న రోజు ఇప్పటికీ లేదు, ఆ మాట గర్వంగానే చెబుతాను.

పార్సెల్ బాగానే వచ్చింది. గట్టి అట్టల మధ్య పెట్టి, సంతకం తీసుకుని ఇచ్చారు. అక్కడిదాకా వాళ్ళకి వంక పెట్టను.

స్టాంపు చూడగానే మనసు నిండిపోయింది. నల్లటి రంగు, రాణి ముఖం మీద ఎర్రటి మాల్టీస్ క్రాస్ ముద్ర (స్టాంపు మళ్ళీ వాడకుండా తపాలావాళ్ళు కొట్టే నాలుగు కొమ్మల శిలువ గుర్తు), చుట్టూ తెల్లటి అంచు. కొత్త స్టాంపు ఏది వచ్చినా నేను చేసే పని ఒకటుంది. నల్ల ట్రేలో బోర్లా పెట్టి, వాటర్‌మార్క్ (కాగితం తయారీలోనే అందులో పడే గుర్తు) తేలేలా చేసే ద్రవం కొన్ని చుక్కలు వేస్తాను. (గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయిన స్టాంపుల మీద మాత్రం ఈ పని చేయకండి, కొన్నిటి రంగు దెబ్బతింటుంది.) ద్రవం పడగానే చిన్న కిరీటం వాటర్‌మార్క్ చక్కగా తేలింది. దాంతోపాటు ఎడమ చివర పైనుంచి కిందిదాకా ఒక సన్నటి గీత కూడా తేలింది. బోర్లా ఉంది కాబట్టి ఎడమ అంటే ముందువైపు కుడి అంచు. కాగితం అంతా ఒకటే అయితే అక్కడ గీత ఉండటానికి వీల్లేదు.

ఆరనిచ్చి పది రెట్ల లెన్స్ కింద పెట్టాను. పెన్నీ బ్లాక్ ఉక్కు ప్లేటు మీద చెక్కి అచ్చువేసినది, అందుకే సిరా కాగితం మీద లేచి నిలబడుతుంది. మూడు వైపులా చట్రం గీత అలాగే ఉంది. కుడివైపు గీత మాత్రం కాగితంలోకి ఇంకిపోయి, కాస్త బూడిద రంగులో ఉంది. ఎవరో సన్న కుంచెతో దిద్దారు. అల్ట్రావయొలెట్ లైటు వేస్తే ఆ గీత వెంట జిగురు మసకగా మెరిసింది. మూడంచుల స్టాంపుకి నాలుగో అంచు అతికించి, అతుకు కనపడకుండా గీత గీశారన్నమాట. పనితనం మాత్రం అద్భుతం. అంత చేయి తిరిగినవాడు ఇంకేదైనా పని చేసుకుని బతకొచ్చుగా అనిపించింది.

ఇక ఇక్కడినుంచి మొదలైంది అసలు భాగోతం.

ఫొటోలు జతచేసి వేలం సంస్థకు మెయిల్ పెట్టాను. జవాబు ఒక్క ముక్క: "వివరణలో నాలుగు అంచులు అని రాశాం, స్టాంపుకు నాలుగు అంచులు ఉన్నాయి." చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్ళీ వివరంగా రాశాను. ఈసారి, ద్రవం వేసి లాట్ (వేలంలో అమ్మిన సరుకు) స్థితిని మార్చారు కాబట్టి రిటర్న్ చెల్లదన్నారు. వాటర్‌మార్క్ చూడకుండా స్టాంపు కొనేవాడు ఎవడుంటాడు? వాళ్ళ కేటలాగ్‌లోనే ప్రతి రెండో లాటు కింద వాటర్‌మార్క్ వివరం ఉంటుంది, అది వాళ్ళకి కలలో కనిపించి రాస్తున్నారా?

ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకాయన లైన్లోకి వచ్చాడు. నేను చెప్పేది సగం కూడా వినకుండా, "మీరు కలెక్షన్ కొత్తగా మొదలుపెట్టారా?" అని అడిగాడు. గొంతులో ఎంత మర్యాదో, మాటలో అంత చులకన. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు: "మేం పంపిన స్టాంపు ఇదేనని మాకెలా తెలుస్తుంది?" అంటే మంచిది ఉంచేసుకుని అతుకులది వాళ్ళకి అంటగడుతున్నానని. నాకు నోట మాట రాలేదు. డబ్బు పోతే పోయిందనుకుంటాం, దొంగని చేస్తే ఎలా ఊరుకుంటాం? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టనప్పుడే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. పెన్నీ బ్లాక్ కింది మూలల్లో రెండు అక్షరాలుంటాయి. ఎడమది షీటులో వరుస, ఎ నుంచి టి వరకు. కుడిది ఆ వరుసలో స్థానం, ఎ నుంచి ఎల్ వరకు. నాది జి, కె. అంటే ఏడో వరుసలో పదకొండోది. ఇదొక్కటే సాక్ష్యంగా చాలదు, ఎందుకంటే ప్రతి షీటులోనూ ఒక జి-కె ఉంటుంది. కానీ ముద్ర చేత్తో కొట్టింది. క్రాస్ ఎక్కడ పడింది, దాని ఏ కొమ్మ రాణి గడ్డం మీదుగా పోయింది, ఎక్కడ సిరా పల్చబడింది అన్నది రెండు స్టాంపుల మీద ఒకేలా పడదు. ఆ ఎర్ర ముద్ర నల్ల స్టాంపు మీద సరిగా కనపడదనీ, జనం తుడిచేసి మళ్ళీ వాడతారనీ భయపడే 1841లో స్టాంపును ఎరుపుకీ, ముద్రను నలుపుకీ మార్చారు. నా అదృష్టం, నాది మార్పుకి ముందుది. ఎర్ర క్రాస్ స్పష్టంగా ఉంది. వాళ్ళ కేటలాగ్ స్కాన్‌నీ నా స్కాన్‌నీ ఒకే సైజుకి తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఆ బొమ్మ పంపి, "ఇప్పుడు తెలిసిందా?" అని ఒక్క వాక్యం రాశాను. ఇప్పటికీ ఆ మెయిల్ అప్పుడప్పుడు తెరిచి చదువుకుంటాను.

దాని మీద క్షమాపణ ఏమీ రాలేదు. మాట మార్చి, ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఇలాంటి సర్టిఫికెట్లకు లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ ఎక్స్‌పర్ట్ కమిటీ, న్యూయార్క్ ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటివి ఉన్నాయి. మంచిదే, కానీ అవి పూటలో తేల్చే పనులు కావు. అంతవరకు రిటర్న్ గడువు ఆగాలంటే ఎక్స్‌టెన్షన్ కావాలి. అది అడిగితే, వేలానికి ముందే అడగాల్సిందన్నారు. స్టాంపు చూడకముందే దాని మీద అనుమానం రావాలన్నమాట! అప్పుడు వాళ్ళ నియమాల పత్రం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎక్స్‌టెన్షన్ నిబంధన ఒకటి, వివరణ తప్పైతే రిటర్న్ చేసే నిబంధన వేరే ఒకటి. రెండోదానికి గడువు సరుకు చేతికందిన రోజు నుంచి మొదలవుతుంది, నా మొదటి మెయిల్ ఆ గడువులోనే ఉంది. ఆ వాక్యాన్ని కాపీ చేసి పంపాక నీళ్ళు నమిలారు. కొన్నాళ్ళు మౌనం. తర్వాత, సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగుతామని ముక్తసరిగా రాశారు.

సర్టిఫికెట్ వచ్చింది. స్టాంపు అసలైనది, వాడినది, కుడి అంచు తర్వాత చేర్చి గీత దిద్దినది అని ఉంది. నేను ఇంట్లో ట్రేలో చూసిందే!

రీఫండ్ కూడా ఒక పట్టాన రాలేదు. ముందు సుత్తి పడిన ధర మాత్రమే వేశారు. ప్రీమియం ఏదని అడిగితే అది వాళ్ళ సేవకు రుసుమన్నారు. ఏం సేవ చేశారు? మూడంచుల స్టాంపును నాలుగంచులదని రాయడమా? కార్డు కంపెనీలో ఫిర్యాదు నమోదు చేస్తానన్నాక ప్రీమియం కూడా కదిలింది. అందుకే చెబుతున్నాను, పరిచయం లేని వేలం సంస్థకు బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయకండి, కార్డుతోనే కట్టండి. తీరా గొడవ వస్తే మనకున్న ఒకే ఒక్క పిడికిలి అదే.

ఇంకా కొన్ని చెప్పాలి. వెనకవైపు స్కాన్ ఇవ్వని లాటు మీద బిడ్ వేయకండి. అడిగినా ఇవ్వకపోతే ఆ సంస్థనే వదిలేయండి. పాత సర్టిఫికెట్ చూపిస్తే అందులోని ఫొటోనీ స్టాంపునీ అంచు అంచూ పోల్చుకోండి, ఎందుకంటే కాగితం ఒకచోట, స్టాంపు ఒకచోట తిరగడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. గుత్తగా అమ్మే ఆల్బమ్‌ల లాట్లు చాలాచోట్ల రిటర్న్ తీసుకోరు, వాటిలో పడి ఏడవకండి. ఫోన్లు మాత్రం అస్సలు చేయకండి. ఫోన్లో అవమానిస్తారు, రాతలో మర్యాదగా ఉంటారు, పైగా రాత మన దగ్గర మిగులుతుంది.

ఈ పొద్దున అదే సంస్థ తర్వాతి వేలం జాబితా తిరగేశాను. జి-కె పెన్నీ బ్లాక్ మళ్ళీ ఉంది, అదే ఎర్ర క్రాస్‌తో. ఈసారి వివరణలో "కుడి అంచు చేర్చబడింది, చట్రం గీత దిద్దబడింది" అని బుద్ధిగా రాశారు. వెనకవైపు స్కాన్ మాత్రం ఇప్పటికీ పెట్టలేదు.