చచ్చి బతికినవాడి ఆస్తి ఎవరిది? నా నవలకు వారసత్వ చట్టం రాసుకున్న అనుభవం

నా ఫాంటసీ నవలలోని రాజ్యానికి వారసత్వ చట్టం ఎట్టకేలకు తేలింది. ఆ వేడి చల్లారకముందే ఇది రాసేస్తున్నాను, ఇలాంటి కథలతో కుస్తీ పడుతున్నవాళ్ళకు పనికొస్తుందని. నేనున్న రచయితల గ్రూపులో ఒక సీనియర్‌గారు ఉన్నారు. "మంత్రాలున్న కథలో ఆస్తి పంపకాలు ఎవరు చూస్తారమ్మా?" అని అందరి ముందూ నవ్వారు. ఆయన నవలలో రాజుగారి ముగ్గురు కొడుకులు సింహాసనం కోసం పుస్తకమంతా కొట్టుకుంటారు. అది పెద్దవాడికే ఎందుకు రావాలో, ముగ్గురూ పంచుకుంటే ఏం పోతుందో ఒక్క వాక్యం ఉండదు. సరే, ఆయన సంగతి ఆయనది.

డబ్బు వ్యవహారం తొందరగానే అయిపోయింది. రాగిని బంగారం చేసే మంత్రం ఉన్న దేశంలో బంగారు నాణేనికి విలువ ఉండదు, అంతే. 1324లో మాలి చక్రవర్తి మన్సా మూసా మక్కాకు వెళుతూ కైరోలో బంగారం పంచిపెడితే, దాంతో అక్కడ బంగారం ధర పడిపోయి ఏళ్ళ తరబడి కోలుకోలేదని రాశారు. ఒక్క యాత్రకే అంత జరిగితే, రోజూ బంగారం పుట్టించే ఊళ్ళో ఏం మిగులుతుంది? అందుకని ఇనుము మంత్రానికి లొంగదని పెట్టి, ఇనుప నాణేలు చేశాను. పెద్ద బేరాలకు పసిఫిక్ సముద్రంలోని యాప్ దీవి రాతి డబ్బు పద్ధతి వాడుకున్నాను. రాయి ఉన్నచోటే ఉంటుంది, దాని యజమాని మారాడని ఊరు ఒప్పుకుంటే చాలు. అక్కడ ఒక రాయి సముద్రంలో మునిగిపోయినా దాని సొంతదారు హక్కు పోలేదట.

భూమి రికార్డులకూ పెద్దగా కష్టపడలేదు. దేశాన్ని గెలిచినవాడు ముందు ఎవరికెంత ఉందో రాయిస్తాడు. ఇంగ్లండును గెలిచిన విలియం 1086లో డూమ్స్‌డే సర్వే చేయించినట్టే మా రాజుగారూ చేయించారు. ఒక్క పేరా.

ఆ తర్వాత వచ్చింది అసలు తలనొప్పి. నా కథలో సంజీవని విద్య ఉంది. చనిపోయినవాళ్ళను ఏడాదిలోపు బతికించవచ్చు, కానీ అందుకు బోలెడంత ఖర్చవుతుంది. కోట ప్రభువు చనిపోతాడు, ఇద్దరు కొడుకులూ కూతురూ ఆస్తి పంచుకుంటారు, పదకొండో నెలలో ఆయన లేచి గుమ్మంలో నిలబడతాడు. ఆ అధ్యాయం నాకు భలే నచ్చింది. మురిసిపోతూ పెదనాన్న చేతికిచ్చాను. ఆయన జీవితమంతా సివిల్ కేసులు వాదించి రిటైరైన లాయరు. ఎర్ర పెన్సిలు తీసుకుని చదివారు. చదివి ఊరుకోలేదు, ఇంట్లో అందర్నీ పిలిచి గట్టిగా వినిపించారు.

"అమ్మాయ్, ఈయన చచ్చాడా, చావలేదా?"

"చచ్చాడు పెదనాన్నా. మళ్ళీ బతికాడు."

"మరి పెద్దకొడుకు అమ్మేసిన పొలం ఎవరిది? కొన్నవాడు డబ్బు పోసి కొన్నాడే. వాణ్ణి వెళ్ళిపొమ్మంటావా?"

నేను నోరు తెరిచేలోపే ఇంకోటి. "ఈయనకు అప్పిచ్చినవాళ్ళు పిల్లల దగ్గర వసూలు చేసుకున్నారా లేదా? ఆయన భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె వాటా సంగతేమిటి? పోయేముందు రాసిన వీలునామా ఒకసారి అమలైపోయింది కదా, ఈసారి పోతే మళ్ళీ అదే అమలవుతుందా?"

"అది కథ పెదనాన్నా."

"కథైతే మాత్రం పొలానికి గట్టుండదా?"

అందరూ నవ్వారు. మా చిన్నాన్న కొడుకైతే దగ్గొచ్చేదాకా నవ్వాడు. వాడికి కాలేజీలో లా సీటు కూడా రాలేదని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

మర్నాటి నుంచి పుస్తకాల మీద పడ్డాను. మొదట తెలిసిందేమిటంటే, చనిపోయాడనుకున్నవాడు తిరిగొచ్చి ఆస్తి అడగడం ఫాంటసీ కానే కాదు. బెంగాల్‌లోని భవాల్ జమీందారీలో ముగ్గురన్నదమ్ముల్లో రెండో ఆయన 1909లో డార్జిలింగ్‌లో పోయాడన్నారు. 1921లో ఒక సన్యాసి వచ్చి ఆ రెండో కుమారుణ్ణి నేనేనన్నాడు. భార్య కాదంది, అక్కచెల్లెళ్ళు అవునన్నారు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పట్లో మన దేశపు కేసులకు ఆఖరి కోర్టు దాకా వెళ్ళింది. 1946లో సన్యాసే గెలిచాడు, తీర్పు వచ్చిన కొద్ది రోజులకే కన్నుమూశాడు. ఇది పెదనాన్నకు చెబితే "అదే మొదట చదవాల్సింది" అన్నారు, మెచ్చుకోలు లాంటిదేమీ లేకుండా.

ఇంగ్లండులో 1666లోనే ఒక చట్టం చేశారు. సముద్రం దాటి వెళ్ళి ఏడేళ్ళు జాడ లేని మనిషిని పోయినట్టే లెక్కేస్తారు. తర్వాత బతికే ఉన్నాడని తేలితే, అతని ప్రాణం ఉన్నంతకాలం అని భూమి రాయించుకున్నవాడికి ఆ హక్కు తిరిగి వస్తుంది, మధ్యలో వచ్చిన ఆదాయంతో సహా. వినడానికి న్యాయంగానే ఉంది. నా రాజ్యంలో పెట్టి చూస్తే మాత్రం ఏడాదిపాటు ఎవరూ భూమి కొనరు, ఎవరూ అప్పివ్వరు, ఏ పిల్లాడూ తండ్రి పొలంలో బావి తవ్వించడు. తవ్వించాక తండ్రి లేచొస్తే నీళ్ళెవరివి?

ఇక్కడ మన ధర్మశాస్త్రాలు ఆదుకున్నాయి. కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరం ప్రకారం తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. బెంగాల్‌లో నడిచిన జీమూతవాహనుడి దాయభాగంలో తండ్రి పోయాకే వస్తుంది. (మితాక్షరాన్ని ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లో ధర్మశాస్త్రం రాశాడు. మంత్రాల కథలో ఆస్తి గొడవలెందుకనేవాళ్ళు అది తెరిచి చూడాలి.) నాకు దారి కనబడింది. పుట్టుకతో హక్కున్న చోట తండ్రి చావు కొడుక్కి హక్కు పుట్టించదు, తండ్రి లేచి రావడం ఆ హక్కును తీసేయదు. కాబట్టి మైదానపు ప్రజలకు మితాక్షరం లాంటిది పెట్టాను, కూతుళ్ళకూ సమాన హక్కు ఇచ్చి. కొండ ప్రజలకు దాయభాగం లాంటిది. గొడవలన్నీ కొండమీదే. కోట ప్రభువుది కొండే.

ఇక కొండమీద ఏం చెయ్యాలి? దీనికి దక్షిణ అమెరికాను ఏలిన ఇంకా రాజుల చరిత్ర దొరికింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడ కొత్త రాజుకు సింహాసనం వస్తుంది, తండ్రి సొంత భూములు రావు. అవి చనిపోయిన రాజుకే ఉండిపోతాయి. పనక అనే వంశ బృందం పాడవకుండా దాచిన ఆయన శవాన్ని, అంటే మమ్మీని, కూర్చోబెట్టి, తినిపించి, దాని తరఫున ఎస్టేటు నడుపుతుంది. కొత్త రాజు తన భూమి తాను సంపాదించుకోవాల్సిందే. దేశంలో మంచిదంతా చచ్చినవాళ్ళ చేతుల్లోనే ఉందని, దానిమీద రాజు వాస్కర్ మండిపడ్డాడని స్పెయిన్ వాళ్ళు రాసిపెట్టారు.

దీన్ని తిరగేశాను. కొండమీద చనిపోయినవాడి ఆస్తి వారసులదే, అమ్మకాలు చెల్లుతాయి, అప్పులు తీరినట్టే. తిరిగొచ్చినవాడికి తిండీ బట్టా గది మాత్రమే. ఎగురుకుంటూ వెళ్ళి పెదనాన్నకు చెప్పాను.

"బాగుంది. మరి ఆయన్ని బతికించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?"

మళ్ళీ నోట మాట లేదు. ఆస్తి చేతికొచ్చాక, తిరిగొస్తే తిండి పెట్టాల్సిన మనిషిని ఏ కొడుకు డబ్బు పోసి లేపుతాడు? ఎవరూ లేపరు. అంటే డబ్బున్నవాళ్ళు బతికుండగానే "నన్ను లేపడానికి" అని ఒక నిధి పక్కన పెట్టుకుంటారు. విద్య విఫలమైతే మళ్ళీ ప్రయత్నించడానికని అది అలాగే పెరుగుతూ ఉంటుంది. నాలుగు తరాలకు రాజ్యంలో సగం చచ్చినవాళ్ళ పేరునే ఉంటుంది. ఇదీ ఊహ కాదు. లండన్ వర్తకుడు పీటర్ థెల్లుసన్ 1797లో పోతూ, తన ఆస్తిని అప్పటికి బతికున్న కొడుకులు, మనవలు అందరూ పోయేదాకా ఎవరికీ ఇవ్వకుండా పెంచుతూ పొమ్మని రాశాడు. పార్లమెంటు కంగారుపడి 1800లో అలా కూడబెట్టడానికి హద్దు పెడుతూ చట్టం చేసింది. కేసులు 1859 దాకా నడిచి, ఖర్చులకే చాలా మటుకు హరించుకుపోయింది.

కాబట్టి కొండ చట్టంలో నిధికి ఏడాదే గడువు. ఆ లోపు లేపితే లేపారు, లేదంటే నిధి వారసులకు. అంటే వారసులకు ఒక ఏడాది ఊరికే కూర్చుంటే చాలు! చట్టంలో ఈ కంత పూడ్చడం చేతకాక అవస్థ పడుతుంటే, దీన్ని పూడ్చకూడదని తట్టింది. నా నవల ఇదే కదా. ఇద్దరు కొడుకులు రోజులు లెక్కపెడుతుంటారు, కూతురు వైద్యుణ్ణి వెతుకుతూ ఉంటుంది. పాత కథనంతా తీసి పారేశాను. కొత్తది పాతదానికంటే పదింతలు బాగుంది, ఇది నేను కాదు పెదనాన్నే అన్నారు.

రాసేవాళ్ళకు చెప్పేవి కొన్ని. వారసత్వ సూత్రం పెట్టగానే దాన్ని నలుగురి చేతిలో పెట్టి చూడండి: కొన్నవాడు, అప్పిచ్చినవాడు, భార్య, కడుపులో ఉన్న బిడ్డ. నలుగురిలో ఒకడైనా ఏడవకపోతే అందులో కథ లేదు. యుద్ధంలో తండ్రీ కొడుకూ ఒకేసారి పోతే ఎవరు ముందు పోయారన్నది కూడా తేల్చుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం చిన్నవాడే ఎక్కువసేపు బతికాడనుకోమంటుంది, ఆ ఒక్క ఊహతో కోట కొడుకు మీదుగా కోడలి చేతికి పోవచ్చు. పన్నుల జోలికి మాత్రం వెళ్ళకండి, ఎవరూ చదవరు. గ్రూపుల్లో సలహాలు అడక్కండి, కోర్టులో కూర్చుని విసిగిపోయిన మనిషినొకర్ని పట్టుకోండి. వాళ్ళు పరువు తీస్తారు, తీయనివ్వండి.

చట్టం మొత్తం నా నోటుపుస్తకంలో రెండు పేజీలకు మించదు. నవలలో అది మూడు చోట్లే బయటపడుతుంది: పొలం కొన్నవాడు దస్తావేజు పట్టుకుని కోటకు వచ్చినప్పుడు, కూతురు నిధి తాళం అడిగినప్పుడు, ఏడాది గడువుకు చివరి రోజున. పెదనాన్న ఇప్పుడు రెండో భాగం అడుగుతున్నారు. ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకున్నారట.