పీహెచ్‌పీ నుంచి జావాకి: తిరుపతి నుంచి చెన్నైకి ఉద్యోగం మారిన నా అనుభవం

ఎంసీఏ చదువుతున్న జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, వెబ్ డెవలపర్ అవ్వాలంటే ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: ఏ ఊళ్లో ఉద్యోగం చేయగలవు?

చదువు అయిపోయాక తిరుపతిలోనే ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక చిన్న ఆఫీసులో చేరాను. లాడ్జీలు, ట్రావెల్స్, కల్యాణ మండపాలు, క్లినిక్‌లు మా కస్టమర్లు. పని మొత్తం వెబ్‌సైట్లు రాసే పాత లాంగ్వేజ్ పీహెచ్‌పీలోనే. దానికి కారణం ఉంది. పీహెచ్‌పీకి చవకైన షేర్డ్ హోస్టింగ్, అంటే చాలా సైట్లు కలిసి పంచుకునే సర్వర్, సరిపోతుంది. పైగా ప్రపంచంలో ప్రతి పది వెబ్‌సైట్లలో నాలుగైనా నడిచే వర్డ్‌ప్రెస్ అనే రెడీమేడ్ సైట్ సాఫ్ట్‌వేర్ రాసిందే పీహెచ్‌పీలో. లాడ్జి ఓనర్‌కి తక్కువ ఖర్చులో సైట్ కావాలి, అది వచ్చేస్తుంది. అందుకే మన ఊళ్లో పీహెచ్‌పీ వచ్చినవాళ్లకి పని తొందరగానే దొరుకుతుంది. జీతం దగ్గరే ఇబ్బంది. కస్టమర్ ఇచ్చేదే తక్కువైనప్పుడు ఆఫీసు మనకెంత ఇవ్వగలదు?

చెన్నై వెళ్తానంటే మా నాయన మొదట ఒప్పుకోలేదు. "పొద్దున సప్తగిరి రైలు ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటా నాయనా" అని చెప్పి చెప్పి ఒప్పించాను. తర్వాత కూర్చుని ఉద్యోగ ప్రకటనలు శ్రద్ధగా చదివాను. చెన్నైలో బ్యాంకులకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ పనిచేసే సర్వీస్ కంపెనీలు ఎక్కువ, అవి అడిగేది జావా, దాంతో సర్వర్ పని తేలిగ్గా రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్. 1995లో వచ్చిన జావాలో బ్యాంకులు ఏళ్ల తరబడి రాయించుకున్న కోడ్‌ని ఇప్పుడు ఎవరూ తీసి పారేయరు, దాన్ని చూసుకునే మనుషులు కావాలి. బెంగళూరు స్టార్టప్‌లు ఎక్కువగా రియాక్ట్ (స్క్రీన్లు కట్టడానికి), నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడపడానికి), వాటితోపాటు జావాస్క్రిప్ట్‌కి టైపులు కలిపిన టైప్‌స్క్రిప్ట్ అడుగుతున్నాయి. 2009లో నోడ్ వచ్చాక బ్రౌజర్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే లాంగ్వేజ్ నడుస్తుంది కాబట్టి చిన్న టీమ్‌కి అది కలిసొస్తుంది. పైథాన్ పేరు అన్నిచోట్లా కనిపించింది కానీ, నేను చూసినవాటిలో ఎక్కువ డేటా, ఏఐ పనులే.

నా పీహెచ్‌పీ రెజ్యూమేకి చెన్నై నుంచి ఫోన్లు రాలేదు. హెచ్‌ఆర్ వాళ్లు మన కోడ్ తెరిచి చూడరు, రెజ్యూమేలో కావలసిన పదం ఉందా లేదా అని వెతుకుతారు. అందుకని సాయంత్రాలు జావా మొదలుపెట్టాను. లూపులు, కండిషన్లు ఎలాగూ తెలిసినవే. అసలు కష్టం వేరే చోట ఉంది. పీహెచ్‌పీలో మామూలుగా ఒక రిక్వెస్ట్ (బ్రౌజర్ పేజీ అడగడం) ముగియగానే వేరియబుల్స్ అన్నీ పోతాయి, ఇంకొకరి రిక్వెస్ట్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. స్ప్రింగ్‌లో అలా కాదు. అప్లికేషన్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, ఒకే సర్వీస్ ఆబ్జెక్ట్‌ని ఎన్నో థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే పనులు, ఒకేసారి వాడుకుంటాయి. ఆ ఆబ్జెక్ట్‌లోని ఫీల్డ్‌లో (విలువ దాచే చోట) ఒక కస్టమర్ పేరు పెడితే, అది ఇంకో కస్టమర్ స్క్రీన్ మీద కనిపించే ప్రమాదం ఉంది. ఈ తేడా అర్థమయ్యాకే జావా నా చేతికి వచ్చిందనిపించింది. లాడ్జి బుకింగ్ పద్ధతి నాకు బాగా తెలుసు కాబట్టి, అలాంటిదే సొంతంగా స్ప్రింగ్ బూట్‌లో కొత్తగా రాసి రెజ్యూమేలో పెట్టాను. ఫోన్లు రావడం మొదలైంది.

ఉద్యోగం వచ్చిన ఇంటర్వ్యూ ఇప్పటికీ బాగా గుర్తుంది. జావా గురించి కొద్దిగా అడిగి, ఇంటర్వ్యూ చేసినాయన నా ప్రాజెక్ట్ తెరిచారు. "ఒక్క గదే మిగిలింది. ఇద్దరు ఒకే క్షణంలో బుక్ నొక్కారు. ఏం చేస్తావమ్మా?" అన్నారు. బ్రహ్మోత్సవాల రద్దీలో లాడ్జి సైట్లకి నిజంగా వచ్చే సమస్యే ఇది. డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ (అయితే అంతా, లేదంటే ఏమీ జరగని పని) మొదలుపెట్టి, 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్' కమాండ్‌తో ఆ గది వివరాలున్న వరుసని లాక్ చేస్తాను, రెండోవాళ్లు ఆగుతారు, లాక్ వదిలాక వాళ్లకి గది నిండినట్టు కనిపిస్తుంది అని చెప్పాను. పేమెంట్ మధ్యలో ఆగిపోతే, అని మళ్లీ అడిగారు. పేమెంట్ అయ్యేదాకా లాక్ పట్టుకుని కూర్చోకూడదు, గదిని కొన్ని నిమిషాలు 'హోల్డ్'లో పెట్టి, గడువు దాటితే వదిలేయాలి అన్నాను. మిగిలిన సమయమంతా దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ జవాబులు నాకు తిరుపతిలో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో పని చేసినప్పుడు వచ్చినవే. జావా నన్ను ఇంటర్వ్యూ గదిలోకి తీసుకెళ్లింది, ఉద్యోగం మాత్రం డేటాబేస్ ఇప్పించిందని నా గట్టి నమ్మకం.

అందుకే జూనియర్లకి నేను చెప్పేది ఇది. క్యాంపస్ నుంచి సర్వీస్ కంపెనీకి వెళ్లాలనుకుంటే జావా చూసుకోండి, చేరాక ప్రాజెక్ట్‌ని బట్టి వాళ్లు ఇంకోటి నేర్పినా నేర్పుతారు. స్టార్టప్ అయితే టైప్‌స్క్రిప్ట్. జావాస్క్రిప్ట్, డేటాబేస్‌ని అడిగే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఎటు వెళ్లినా వదలొద్దు. నా పాత సీట్లో ఇప్పుడున్న అమ్మాయికి ఇంటి పరిస్థితుల వల్ల ఊరు వదలడం కుదరదు. పీహెచ్‌పీతో సైట్లు కట్టే లారావెల్ బాగా చేస్తుంది. రిమోట్ పనుల కోసం దానికి రియాక్ట్ కలుపుకోమన్నాను, ఈ వారమే మొదలుపెట్టింది.