పలుచని షీటుతో ప్రాక్టికల్: వెల్డర్ ట్రేడ్ పరీక్షకు నేను సిద్ధమైన తీరు

ఐటీఐ వెల్డర్ ట్రేడ్ పరీక్ష రాయబోతున్న మిత్రులకు, ముఖ్యంగా 2 మి.మీ. లోపు షీటు అంటే బెంగపడుతున్నవాళ్లకు ఇది రాస్తున్నాను. నేను హైదరాబాద్‌లోనే నేర్చుకున్నాను. మందపాటి ప్లేటు కొంత తడబాటును సహిస్తుంది, పలుచని షీటు సహించదు. అందుకే నా సాధనలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాను.

సెట్టింగుల పట్టికలు బట్టీ పట్టకండి. షీటులోకి ఎంత వేడి పోతోందన్నదే అసలు ప్రశ్న. కరెంటు, వోల్టేజీ పెరిగితే వేడి పెరుగుతుంది, చేతి వేగం పెరిగితే తగ్గుతుంది. టిగ్‌లో, అంటే కరగని టంగ్‌స్టన్ కొనతో చేసే వెల్డింగ్‌లో, స్టీలుకు మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్ల లెక్కన మొదలుపెట్టేవాణ్ణి. 18 గేజ్ షీటు దాదాపు 1.2 మి.మీ. ఉంటుంది కాబట్టి 50 దగ్గర చూసుకునేవాణ్ణి. పూత ఉన్న రాడ్డుతో చేసే స్టిక్ వెల్డింగ్‌కైతే 2 మి.మీ. 6013 రకం రాడ్డు, 40 నుంచి 60 ఆంపియర్లు, వీలైనంత పొట్టి ఆర్క్ (రాడ్డు కొనకూ షీటుకూ మధ్య వెలిగే విద్యుత్ మంట).

మిగ్‌లో, అంటే మెషిన్ వైరును తానే అందించే వెల్డింగ్‌లో, 0.8 మి.మీ. వైరు, 15 నుంచి 17 వోల్టులు. ఇక్కడ చెవిని నమ్మండి. వైరు కరిగిన లోహాన్ని తాకుతూ, తెగుతూ సాగే ఈ పద్ధతిలో చిటపట శబ్దం ఎడతెగకుండా, సమంగా రావాలి. వైరు పొడుచుకుని టార్చిని వెనక్కి నెడుతుంటే వైరు వేగం ఎక్కువైంది, లేదా వోల్టేజీ చాలలేదు. కొనన పెద్ద బొట్టు కట్టి రాలుతుంటే వోల్టేజీ ఎక్కువైంది. ఒకసారికి ఒక్క నాబ్ మాత్రమే తిప్పండి. రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ఆర్క్ వెలిగించక ముందు చేసే పనిని తేలిగ్గా తీసుకోకండి. అంచులు సందు లేకుండా కలవాలి. 25, 30 మి.మీ.లకు ఒక చిన్న ట్యాక్ (అంచులు కదలకుండా పట్టి ఉంచే చుక్క అతుకు) చొప్పున వేయండి. తర్వాత ఒక చివరనుంచి మరో చివరకు ఏకబిగిన లాగకుండా, కొంత ఇక్కడ, కొంత దూరంగా అక్కడ వేస్తే షీటు వంకర తిరగడం బాగా తగ్గుతుంది. కింద రాగి పట్టీ పెట్టుకుంటే అది వేడిని లాగేస్తుంది, రంధ్రం పడే ప్రమాదం తగ్గుతుంది.

సాధనకు ముక్కలు బాలానగర్‌లో షీట్ మెటల్ పని చేసే ఒక షెడ్డు నుంచి తెచ్చుకునేవాణ్ణి. మీరూ అలా తెచ్చుకుంటే జింకు పూత ఉన్నవి మాత్రం వద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మే నెల ఎండలకు తాళలేక ఫ్యాను పక్కన పెట్టుకుంటారేమో, దాని గాలికి కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే రక్షణ వాయువు చెదిరి బీడంతా, అంటే అతుకు గీతంతా, గుల్లబారుతుంది. ఫ్యాను మీ వీపు వైపు కూడా వద్దు, దూరంగా గోడవైపు తిప్పండి.

థియరీలో గ్యాస్ వెల్డింగ్‌ను వదలకండి. 5 మి.మీ. వరకు లెఫ్ట్‌వర్డ్ (కుడి నుంచి ఎడమకు సాగే) పద్ధతి, మంట వచ్చే బ్లోపైప్ కోణం 60 నుంచి 70 డిగ్రీలు, ఫిల్లర్ రాడ్డుది 30 నుంచి 40. ఇందులో మంట ఇంకా అతకని అంచుల వైపు చూస్తుందని గుర్తుంటే ఎడమ నుంచి కుడికి సాగే రైట్‌వర్డ్‌తో తికమక ఉండదు.

పరీక్ష రోజు మెషిన్ కొత్తది కావచ్చు, దాని డయల్ అంకెలు మీకు అలవాటైనవాటితో కలవకపోవచ్చు. అదే మందం ఉన్న స్క్రాప్ ముక్క ఇమ్మని ఎగ్జామినర్‌ను అడగండి, మొహమాటపడకండి. దాని మీద రెండు బీడ్లు వేసి, తిరగేసి వెనక వైపు కూడా చూసుకున్నాకే అసలు జాబు (పరీక్షలో అతకాల్సిన ముక్క) ముట్టండి.