లోపల ఖాళీగానే ఉంది కదా

పోయిన జనవరిలో ఒక సాయంత్రం. కారు సీటు వెనక్కి వాల్చుకుని మా అమ్మతో వీడియో కాల్‌లో ఉన్నాను. కువైట్‌లో ఆరున్నర, ఇంటిదగ్గర తొమ్మిది. పండక్కి అత్తిరాసాలకు బియ్యం నానబోశారా లేదా అని అడుగుతుంటే అద్దం మీద టకటకమని చప్పుడైంది. చూస్తే పెద్దాయన, చేతికర్రతో కొడుతున్నాడు. మ్యాచ్ మొదలై ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఒంట్లో బాగాలేక బయటికి వచ్చేశాడేమోనని గుండె ఝల్లుమంది. ఫోన్ పక్క సీట్లో పడేసి గబగబా దిగాను.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు.

"మీ కోసమే ఉన్నాను బాబా."

"లోపల ఖాళీగానే ఉంది కదా. నువ్వెందుకు రావు?"

తిట్టాడా, పిలిచాడా అనేది నాకు అప్పుడు తెలియలేదు. ఆ గొంతు ఎప్పుడూ అంతే, మంచినీళ్లు అడిగినా తిట్టినట్టే ఉంటుంది. నేను మాత్రం తప్పు చేసి దొరికిపోయినవాడిలాగా ఫోన్ తీసుకుని కారు లాక్ చేసి ఆయన వెనకాల నడిచాను. మా అమ్మ ఫోన్లో హలో హలో అంటూనే ఉంది.

నేను ఇక్కడ హౌస్ డ్రైవర్ని. పదకొండేళ్లు. మాది కడప దగ్గర, సిద్దవటం దారిలో ఒక పల్లె. కడపలో బీకాం చదివాను, దాని సంగతి ఇక వదిలేద్దాం. మా పక్క కువైట్‌ను కోయిట్ అంటారు, అది అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు, ప్రతి వీధికీ నలుగురైనా ఇక్కడే ఉంటారు. నా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, వాళ్ల నాన్నే ఈ పెద్దాయన. ఇద్దర్నీ బాబా అనే పిలవాలి. అరబ్బీలో 'మీరు' అనే మాట మామూలుగా వాడరు, చిన్నాపెద్దా అందరినీ 'ఇంతా' అనడమే. డెబ్భై దాటిన మనిషిని 'నువ్వు' అనడానికి మొదటి ఆరునెలలు నాకు నోరు తిరగలేదు. ఇప్పటికీ పైకి ఇంతా అంటాను గానీ లోపల మీరు అనే అనుకుంటాను. ఈ రాతలోనూ అలాగే రాస్తున్నాను.

ఆయన వెళ్లేది పెద్ద క్లబ్ మ్యాచ్‌లకు కాదు. అల్-అరబీ, ఖాదిసియా ఆడితే జనం బాగానే వస్తారు, ఆ రోజు పార్కింగ్ దొరకదు. ఈయనది వాళ్ల ఏరియాలోని చిన్న క్లబ్. గెలిచేది తక్కువ. పదకొండేళ్లలో అక్కడికి ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. డ్రైవర్ అంటే ఫోన్ మోగిన రెండు నిమిషాల్లో గేటు ముందు కారు పెట్టాలి. అందుకని ఎక్కడికి పోయినా పార్కింగే మా ఊరు. ఒక శ్రీలంక ఆయన ఫ్లాస్కులో చాయ్ తెస్తాడు, ఒక మలయాళీ ఇంటికి ఎంత పంపాడో, ఆ రోజు దినార్ రేటెంతో చెబుతాడు. స్టేడియం గోడ అవతల ఎప్పుడైనా ఓ కేక వినబడితే గోల్ పడిందని తెలుస్తుంది. ఎవరు వేశారో తెలియదు, అడగం కూడా.

ఆ రోజు మొదటిసారి ఆ గోడ అవతలికి వెళ్లాను.

పెళ్లి పందిరిలా వెలిగిపోతోంది. పచ్చటి గడ్డి, కడిగినట్టున్న కుర్చీల వరసలు. జనం ఎక్కడ కూర్చున్నారా అని చూశాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను కూడా. అవతలి టీమ్ కోసం డప్పు కొడుతున్న నలుగురు కుర్రాళ్లతో కలిపి 43 మంది. నాతో 44. బంతిని తన్నిన చప్పుడు, కోచ్ అరుపు, ఆటగాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం, అన్నీ స్పష్టంగా వినబడుతున్నాయి. పెద్దాయన మూడో వరసలో ఒక కుర్చీ చూపించి, అది తన తమ్ముడిదన్నాడు. తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. నన్ను దాని పక్కదాంట్లో కూర్చోమన్నాడు.

1980లో ఆసియా కప్ ఫుట్‌బాల్ ఫైనల్ ఈ దేశంలోనే జరిగింది. కువైట్ దక్షిణ కొరియాను 3-0తో కొట్టింది. అప్పుడు ఈయన నడివయసులో కూడా లేడు. అప్పటి ఆటగాడు ఫైసల్ అల్-దఖీల్ పేరు చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి, మా జేజి ఎన్టీ రామారావు పేరు చెప్పినట్టే ఉంటుంది. 1982లో స్పెయిన్ ప్రపంచకప్‌కు వెళ్లారు. ఫ్రాన్స్‌తో ఆటలో జనంలోంచి ఎవరో విజిల్ ఊదితే రిఫరీదే అనుకుని కువైట్ వాళ్లు ఆగిపోయారు, అవతలివాళ్లు గోల్ వేసేశారు. వీళ్ల ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ నేరుగా మైదానంలోకి దిగేసరికి రిఫరీ ఆ గోల్ కొట్టేశాడు. అయినా 4-1తో ఓడారనుకోండి. ఆ కథ ఆయన చెప్పగా నేను కనీసం పదిసార్లు విన్నాను. ప్రతిసారీ ఓడిన సంగతి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ పడిందనో, దారి తప్పావనో మాట మార్చేస్తాడు.

మరి ఇప్పుడు జనం ఏమయ్యారు? ఆయన్ని అడిగితే ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫాను తిడతాడు. ప్రభుత్వం క్రీడాసంఘాల్లో వేలు పెడుతోందని 2015 అక్టోబరులో కువైట్‌ను సస్పెండ్ చేశారు, 2017 డిసెంబరు దాకా ఎత్తలేదు. రెండేళ్లకు పైగా బయటి టీమ్‌తో ఆటే లేదు. ఆ రెండేళ్లలో పిల్లలు వేరేవాళ్ల వెంట పడ్డారంటాడు. నేను ఇంట్లో చూసేదాన్ని బట్టి, పడటం అంతకు ముందే పడ్డారు. ఆయన మనవడి గది నిండా రియల్ మాడ్రిడ్ చొక్కాలు. దివానియాలో, అంటే మగవాళ్లు కూడి కబుర్లు చెప్పుకునే హాల్లో, గోడంత టీవీ, చల్లటి ఏసీ, ముందు చాయ్, గింజలు. అర్ధరాత్రి స్పెయిన్ మ్యాచ్‌కు పాతికమంది కూర్చుంటారు. వాళ్ల క్లబ్ ఇంటికి పది నిమిషాల దూరం, దానికి ఒక్కడూ కదలడు. అలాగని ఫుట్‌బాల్ మీద మోజు పోయిందనలేం. 2024 డిసెంబరులో గల్ఫ్ కప్ ఇక్కడ పెట్టినప్పుడు అరవై వేల మంది పట్టే జాబర్ స్టేడియం దారిలో గంటన్నర కారు కదల్లేదు. అదే మనవడు ముఖానికి జెండా రంగులు పూసుకుని వెనక సీట్లో పాటలు పాడాడు. దేశం ఆడితే వస్తారు, వీధి ఆడితే రారు.

ఇంకొకటి ఉంది. ఈ క్లబ్బులు టికెట్ డబ్బు మీద బతకవు, సర్కారు సొమ్ముతో నడుస్తాయి. 44 మంది వచ్చినా, నలుగురే వచ్చినా లైట్లు వెలుగుతాయి, గడ్డికి నీళ్లు పడతారు. జనం లేరని మూతబడేది ఏదీ లేదు కాబట్టి జనం లేరని ఎవరికీ దిగులు లేదు. ఆ దిగులంతా ఈ ముసలాయన ఒక్కడే మోస్తున్నట్టు అనిపించింది.

అయితే నాకు కొంచెం చిరాకు కూడా వచ్చింది. ఖాళీగా ఉంది కదా రమ్మంటాడేమిటి? నిండుగా ఉంటే రమ్మనేవాడా? ఈ దేశంలో ఉండే జనంలో మూడింట రెండు వంతులు మాలాంటి బయటివాళ్లమే. ఆ స్టేడియం వెనక వీధిలో బిల్డింగుల నిండా మనవాళ్లు, బంగ్లావాళ్లు, ఈజిప్టువాళ్లు. ఒక్కో గదికి ఆరుగురు, సాయంత్రం అయితే మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. పక్కనే ఆట జరుగుతుంటే ఒక్కరూ రారు. మలయాళీలు శుక్రవారాల్లో తమ టీములతో తామే టోర్నమెంట్లు పెట్టుకుంటారు, ఒకసారి ఆ దారిన పోతూ చూశాను, ఈ క్లబ్ మ్యాచ్ కంటే పదింతల జనం. మమ్మల్ని జనంలో ఎవరు లెక్కేశారు గనక? ఇదంతా ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పేంత అరబ్బీ నాకు రాదు, వచ్చినా చెప్పేవాడిని కాదనుకోండి. అలా ఉడుక్కుంటూనే రెండో సగం చూశాను. నిజం చెప్పాలంటే బాగుంది. మా టీమ్ గోల్‌కీపర్ ఒక బంతిని ఎగిరి పట్టినప్పుడు 'అబ్బో' అని గట్టిగా అరిచాను. ముందు వరసలో ఉన్నాయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. అప్పుడే 'మా టీమ్' అయిపోయింది చూడండి!

"ఇండియాలో ఇది ఆడతారా?" అని పెద్దాయన అడిగాడు.

నాకు రోషం వచ్చింది. ఫోన్ తీసి రహీం సాబ్ బొమ్మ చూపించాను. హైదరాబాద్ మనిషి, ఆయన కోచ్‌గా ఉండగానే 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం వచ్చింది, మీరు 1980లో కొట్టిన కొరియానే మేము అప్పుడు 2-1తో కొట్టాం అన్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిందని కూడా చెప్పాను. మా ఊరి నుంచి హైదరాబాద్ ఒక రాత్రి బస్సు ప్రయాణం, అయినా ఆ పూట అది మా పక్కవీధి అన్నట్టే మాట్లాడాను.

"మంచిది. మీ ఊళ్లో?"

మా ఊళ్లో వాలీబాల్. సంక్రాంతికి మూడు రోజులు హైస్కూల్ మైదానంలో, రాత్రిళ్లు లైట్ల కింద టోర్నమెంట్. చుట్టుపక్కల పది ఊళ్ల జనం వస్తారు, చోటు చాలక ప్రహరీగోడ ఎక్కుతారు, వేపచెట్టు ఎక్కుతారు, ఒకసారి కొమ్మ విరిగి ఇద్దరు కింద పడ్డారు కూడా అని చెప్పాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. నాకు వచ్చిన అరబ్బీలో నిన్నా ఇవాళా ఒకటే, క్రియలకు కాలం పెట్టడం నాకు చేతకాదు. ఎక్కేవాళ్లు అనాల్సింది ఆయనకు ఎక్కుతారు అని వినబడింది. నేను సరిచేయలేదు.

కనుమ రాత్రి మా పక్కింటి అబ్బాయి వాట్సాప్‌లో వీడియో పంపాడు. ఈసారి నేను పదివేలు పంపాను, మైకులో నా పేరు చదివారు, అది విందువని పంపాడు. "కోయిట్‌లో ఉంటున్న మన ఊరి ముద్దుబిడ్డ" అని మొదలుపెట్టి చాలా పొగిడాడు మైకాయన. నాకంటే ముందు కోయిట్ వాళ్లే ఐదుగురి పేర్లు. మొదటి బహుమతి నా చిన్నప్పుడు 1,116 రూపాయలు, ఇప్పుడు 40 వేలు. కొత్త నెట్, షామియానా, ఎల్ఈడీ లైట్లు, టెంట్ హౌస్ నుంచి ఎర్ర కుర్చీలు. నా పేరు రెండోసారి వినడానికి వెనక్కి జరిపినప్పుడు ఆ కుర్చీలను చూశాను. షామియానా కింద కొందరు ముసలివాళ్లు, ముందు నేల మీద చిన్నపిల్లలు. మిగతా కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

ఫోన్ చేశాను. "ఏంరా, జనమే లేరు?"

"యాడుండార్రా జనం? సగం మంది మీ కాడే ఉండారు కదా" అన్నాడు.

నాకు మండింది. మేమొక్కరమే పోయామా? బెంగళూరు పోలేదా, హైదరాబాద్ పోలేదా? ఉన్నవాళ్లయినా ఇంట్లో ఫోన్ పట్టుకుని పడుకోకుండా వస్తున్నారా? మేము పంపకపోతే ఆ లైట్లెక్కడివి అని కూడా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు నొచ్చుకోలేదు. "ఆడేదానికి కూడా మనోళ్లు లేర్రా. ఈ తూరి రెండు టీములు ప్రొద్దుటూరు నుంచి డబ్బులిచ్చి పిలిపించినాం" అన్నాడు మెల్లగా. తర్వాత కాసేపు అత్తిరాసాల సంగతి మాట్లాడుకున్నాం.

నేను ఆ టోర్నమెంట్ చూసి పదకొండేళ్లయింది. పోయిన ఏడు చుట్టీలో ఇంటికి పోయినప్పుడు మైదానం మీదుగా నడిచాను. ఆగస్టు నెల, రెండు వైపులా కంపచెట్లు పెరిగి ఉన్నాయి, మధ్యలో గేదెలు. వేపచెట్టు ఉంది. విరిగిన కొమ్మ దగ్గర కొత్తది మొలిచి బాగా లావైంది.

ఫిబ్రవరిలో మళ్లీ మ్యాచ్. ఈసారి ఆయన కొట్టకముందే నేనే కారు లాక్ చేసి వెంట నడిచాను. శ్రీలంక ఆయన్ని కూడా రమ్మన్నాను, ఫోన్ వస్తుందని భయపడి రాలేదు. మా టీమ్ 2-0తో ఓడింది. తిరిగి వస్తుంటే పెద్దాయన వెనక సీట్లోంచి అడిగాడు.

"మీ ఊరి ఆట అయిపోయిందా?"

"అయిపోయింది బాబా. పోయిన నెలలోనే."

"చెట్టెక్కారా?"

"ఎక్కారు" అన్నాను.

"మళ్లీ ఏడాది నువ్వు పోయి చూడు. నాకు వీడియో పంపు."

"మీరంతా ఎండాకాలం లండన్ వెళ్లినప్పుడే కదా బాబా నాకు చుట్టీ. ఆట జనవరిలో."

అద్దంలో చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగి బయటికి చూస్తున్నాడు. సిక్స్త్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఏసీ కొంచెం తగ్గించమన్నాడు.