ఆ పుస్తకంలో బ్రెడ్డు ముక్క ఒక్కటే కనబడిందా?

"ఏరా, ఒకళ్ళు వదిలేసిన బ్రెడ్డు ఇంకో టేబుల్‌కి పంపుతారటగా? మీ దగ్గరా అంతేనా?"

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో అందరం భోజనాల దగ్గర ఉండగా అన్నయ్య అన్న మాట ఇది. అడగడం కాదు, నిలదీయడమే. "ఛీ, ఎంగిలి" అని వదిన అప్పుడే అనేసింది. నేను మాన్‌హాటన్‌లో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పని చేస్తానని అక్కడ అందరికీ తెలుసు. మా దగ్గర అలాంటిదేం లేదని చెప్పాను గానీ, ఎవరూ నమ్మినట్టు లేదు. మన ఇళ్ళల్లో ఎంగిలి అన్న మాట పడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అది నా మనసులోంచి పోవడం లేదు.

అన్నయ్య చదివింది న్యూయార్క్ షెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ రాసిన 'కిచెన్ కాన్ఫిడెన్షియల్'. రెస్టారెంట్ల లోగుట్టు మీద ఆయన 1999లో న్యూయార్కర్ పత్రికలో ఒక వ్యాసం రాస్తే పెద్ద కలకలం రేగింది. మరుసటి ఏడాది ఈ పుస్తకం వచ్చింది. ఇన్నేళ్ళైనా అది చదివినవాళ్ళు మమ్మల్ని అడిగేవి అవే మూడు: సోమవారం చేప, తిరిగొచ్చిన బ్రెడ్డు, బాగా కాల్చమన్నవాడికి అంటగట్టే పాత మాంసం ముక్క.

చేప సంగతి తేలిక. అప్పట్లో షెఫ్‌లు వారాంతం కోసం గురువారం ఆర్డరిస్తే శుక్రవారం పొద్దున సరుకు దిగేది. శని, ఆదివారాలు పోగా మిగిలిందే సోమవారం మీ ప్లేటులోకి వస్తుందని ఆయన లెక్క. 2005లో నగరానికి చేపలందించే ఫుల్టన్ మార్కెట్టే మాన్‌హాటన్ వదిలి బ్రాంక్స్‌కి వెళ్ళిపోయింది. సరుకు వచ్చే తీరూ మారింది. సోమవారం చేప తినొద్దన్న మాట ఇప్పటికి వర్తించదని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ మాట మాత్రం ఎవరి చెవినా పడలేదు.

బ్రెడ్డు విషయంలో నాకు ఆయన మీదే కోపం. అలా జరుగుతుందని రాసి ఊరుకోలేదు, అందులో తప్పేం లేదన్నట్టు రాశాడు. ఆ పేజీ చదివినప్పుడు నాకూ వదినకి అనిపించినట్టే అనిపించింది. ఒకసారి టేబుల్ మీద పెట్టినది ఇంకొకరికి పెట్టకూడదని ఇక్కడి ఆహార నియమాలు స్పష్టంగా చెబుతాయి. విప్పని ప్యాకెట్లలాంటివాటికే మినహాయింపు. నేను పని చేసే చోట జరిగేది చెబుతాను. గుడ్డలో చుట్టిన బుట్ట టేబుల్ నుంచి వెనక్కొస్తుంది. నాలుగు ముక్కల్లో రెండింటిని ఎవరూ ముట్టుకోనైనా ముట్టుకుని ఉండరు. గిన్నెలు కడిగే చోట పెద్ద బూడిదరంగు డబ్బా ఉంటుంది. బుట్టని దాని అంచుకి ఠపీమని కొట్టి దులిపేస్తారు, అంతే. రాత్రి పదకొండయ్యేసరికి డబ్బా నిండుతుంది. విస్తట్లో బూరె వదిలేస్తే ఊరుకోని అమ్మమ్మ చేతిలో పెరిగినవాణ్ణి. మొదట్లో ఆ చప్పుడు విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. వదిన భయపడుతున్నది మా దగ్గర జరగదు. జరుగుతున్నది చూస్తే వదిన ఇంకా బాధపడుతుంది.

మాంసం ముక్క సంగతికొస్తే, దెబ్బ మనవాళ్ళకే తగులుతుంది. లోపల ఎర్రగా ఉంటే మనకి అది ఉడకనట్టే. ముసలివాళ్ళయినా, పిల్లలయినా బాగా కాల్చమనే చెబుతారు. అలా చెప్పేవాళ్ళ కోసమే పనికిరాని ముక్క పక్కన పెట్టి ఉంచే అలవాటు ఉందని ఆయన రాస్తే, పాఠకులు సగంమంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. డబ్బిచ్చి, తన అలవాటు ప్రకారం తినాలనుకునే మనిషికి తక్కువ రకం పెట్టడం వంటవాడు చేసే పని కాదు. శాకాహారుల మీదా ఆయన నోరు పారేసుకున్నాడు. అయితే 2014లో ప్రసారమైన తన టీవీ కార్యక్రమంలో పంజాబ్ వెళ్ళి అక్కడి శాకాహారం తిని, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. అది నాకు బాగా నచ్చింది.

ఇంత కోపం ఉన్నా ఆ పుస్తకాన్ని వదులుకోలేను. న్యూయార్క్‌లో ఫ్రెంచ్ వంటయినా, ఇటాలియన్ వంటయినా నిజంగా వండేది మెక్సికో, ఈక్వడార్ల నుంచి వచ్చినవాళ్ళేనని గట్టిగా రాసిన షెఫ్ ఆయన. ఆయన రాసింది ఎంత నిజమో లైన్ మీద, అంటే పొయ్యిల వరస దగ్గర, నా పక్కన నిలబడేవాళ్ళని చూస్తే తెలుస్తుంది. నా మొదటి చలికాలంలో, ఫ్యామిలీ మీల్‌లో, అంటే పనివాళ్ళందరం కలిసి తినే భోజనంలో, నేను పాస్తా తినలేక కూర్చుంటే, మెక్సికోలోని ప్యూబ్లా నుంచి వచ్చిన గ్రిల్ కుక్ ఏమీ అడగకుండా ఓ ప్లాస్టిక్ డబ్బాలో అన్నం, కాల్చిన పచ్చిమిరపకాయలు, కాస్త ఉప్పు నా ముందు పెట్టాడు. ఆ తర్వాత చాలా వారాలు నా కోసం అన్నం తీసి ఉంచేవాడు. మోచేతుల దాకా కాలిన మచ్చలున్న మనిషి. అతను వండిన స్టేక్ తిన్నవాళ్ళు "షెఫ్‌కి మా అభినందనలు" అని చెప్పి పంపుతారు. అవి అతని దాకా రావు. మన పెళ్ళిళ్ళలో ఆఖరి బంతి లేచాక ఇంటి పెద్దాయన గాడిపొయ్యి దాకా వెళ్ళి "మీరు తిన్నారా?" అని వంటవాళ్ళని అడిగేవాడు. ఇక్కడ డైనింగ్ హాలుకీ మాకూ మధ్య ఒక్క తలుపే అడ్డం. అది దాటి వచ్చి ఆ మాట అడిగినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

కుర్ర కుక్‌లు కొందరు ఆ పుస్తకం నుంచి బూతులు, దూకుడు మాత్రమే నేర్చుకున్నారు. నేను ఇంతకు ముందు పని చేసిన చోట అరవడమే నాయకత్వం అనుకునేవాళ్ళు. వంటిళ్ళలోని ఆ ధోరణిని తన పుస్తకం పెంచి పోషించి ఉంటే అందుకు బాధపడుతున్నానని 2017లో బోర్డెయిన్ రాశాడు.

అన్నయ్య నన్ను నిలదీయదలుచుకుంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. జ్వరమొచ్చిన కుక్ ఆ రోజు ఏం చేస్తాడు? వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటివి రెస్టారెంట్లలో ఎక్కువగా పాకేది ఒంట్లో బాగాలేకపోయినా పనికొచ్చే వంటవాళ్ళ చేతుల నుంచే. న్యూయార్క్ నగరంలో సిక్ లీవ్ చట్టం 2014లో అమల్లోకి వచ్చింది. వలస కాగితాలు సరిగ్గా లేనివాడు, ఇంటి అద్దె కట్టే రోజు దగ్గర పడ్డవాడు ఆ సెలవు అడగడానికి ఇప్పటికీ జంకుతాడు. పోయిన చలికాలం మా గ్రిల్ కుక్ అలాగే వణుకుతూ వచ్చాడు. మా షెఫ్ చూసి, జీతం పోదని మాటిచ్చి అతన్ని ఇంటికి పంపేశాడు. ఆ రాత్రి గ్రిల్ నేను చూసుకున్నాను. బాగా కాల్చమని అడిగినవాళ్ళకీ మంచి ముక్కే వేశాను.