బీ-9 రోబోకు వెండి రంగు: డబ్బా మీద నంబరొక్కటే చాలదు

1960ల అమెరికన్ టీవీ సీరియల్ ‘లాస్ట్ ఇన్ స్పేస్’లోని బీ-9 రోబో నకలు కట్టేవాళ్లకు ఫైబర్ పని, వైరింగ్, మోటార్లు అన్నీ ఒక కొలిక్కి వచ్చాక మిగిలే ప్రశ్న ఒకటే: మొండేనికి ఏ వెండి రంగు? చాలామంది నేరుగా పెయింటు షాపుకు వెళ్లి, ఏదో ఒక కారు సిల్వర్ నంబరు చెప్పి కలిపించుకుంటారు. పనయ్యాక చూస్తే పెయింటు నున్నగా, అందంగానే ఉంటుంది. కానీ అది రోబోలా ఉండదు, షోరూమ్ నుంచి అప్పుడే దిగిన కారు డోరులా ఉంటుంది. తేడా రంగులో కన్నా పెయింటులో కలిసే సన్నని అల్యూమినియం రేకు ముక్కల్లో, అంటే పలుకులోనూ పైపూత మెరుపులోనూ ఎక్కువ. ఈ రెండూ సరిగ్గా కుదిరితే రంగు ఒక పిసరు అటూ ఇటూ అయినా కన్ను ఒప్పుకుంటుంది. ఇవి తప్పితే నంబరు ఎంత సరైనదైనా దండగే.

ముందు సీజన్ తేల్చుకోండి

అమెరికా టీవీ చానల్ సీబీఎస్‌లో ఈ సీరియల్ 1965 సెప్టెంబరు 15న మొదలై 1968 మార్చి దాకా సాగింది. మొత్తం 83 ఎపిసోడ్లు. మొదటి సీజన్లోని 29 బ్లాక్ అండ్ వైట్, మిగతా రెండు సీజన్లూ కలర్. రోబో డిజైన్ రాబర్ట్ కినోషిటాది. ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాలోని రాబీ రోబో వెనకా ఆయన చెయ్యి ఉంది. లోపల నిలబడి కదిలించింది బాబ్ మే, గొంతు డిక్ టఫెల్డ్‌ది. మనిషి లోపలికి దూరి నడిపించే వస్తువు మూడేళ్లు స్టూడియోలో తిరిగితే, మొదటి రోజు పూత చివరి రోజుకు అలాగే ఉండదు. పైగా దగ్గరి షాట్లకు వాడేది ఒకటి, దెబ్బలు తినే పనులకు ఇంకొకటి. అందుకే ‘అసలు రంగు’ అని ఒకటే ఉందనుకోకండి. ఏ సీజన్లో, ఏ ఎపిసోడ్లో కనిపించిన రోబో కావాలో కాగితం మీద రాసుకుని, ఆ ఎపిసోడ్ల ఫ్రేములే చూడండి.

రెండో సీజన్ ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. కలర్ ఆధారం ఉంటుంది. చేతి పంజాల ఎరుపు కళ్లముందే కనిపిస్తుంది. మొదటి సీజన్ రోబో కట్టాలనుకుంటే వెలుగు నీడల మోతాదే మీకు దొరికే ఆధారం, అసలు ఛాయ ఏమిటో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ చెప్పదు. అక్కడ పనికొచ్చే ఎపిసోడ్ ‘వార్ ఆఫ్ ది రోబోట్స్’. అందులో రాబీ కూడా అతిథిగా వస్తుంది. ఒకే లైటు కింద రెండు రోబోలు నిలబడతాయి కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు.

స్క్రీన్ మీద రంగును ఫోటో సాఫ్ట్‌వేర్‌లోని ఐడ్రాపర్‌తో తీసి ఆ విలువలు షాపువాడికి ఇవ్వడం మాత్రం వద్దు. సెట్‌లో పసుపు వైపు మొగ్గే టంగ్‌స్టన్ లైట్లు. తర్వాత ఫిల్మ్ ప్రింటు. ఆ తర్వాత డీవీడీకి ఒక గ్రేడింగ్ (రంగుల సర్దుబాటు), 2015లో వచ్చిన బ్లూరేకు మరొకటి. అన్నిటికీ మించి, మెటాలిక్ పెయింటు ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. నారింజ రంగు ఎడారి సెట్‌లో మొండెం వెచ్చగా, ఓడ లోపల చల్లగా కనిపిస్తుంది. రెండూ ఒకే పెయింటు. ఫ్రేములో రంగు విలువ వెతక్కుండా తేడాలు చూడండి. కింద ట్యాంకు బెల్టుల్లా ఉండే ట్రెడ్ల నల్ల రబ్బరుతో పోలిస్తే మొండెం ఎంత లేత? లైటు నేరుగా పడే చోటుకీ పక్కకు తిరిగే అంచుకీ మధ్య ఎంత తేడా? మెరుపు గీత సన్నగా, పదునుగా ఉందా, వెడల్పుగా, మసకగా ఉందా? గ్రేడింగ్ మారినా ఈ మూడూ పెద్దగా మారవు.

పలుకు

ఆ రోజుల్లో అమెరికన్ కార్లకు వాడిన మెటాలిక్ లాకర్లలో ఉండేది అంచులు చిరిగినట్టుండే అల్యూమినియం రేకు. కాంతిని నలువైపులా చెదరగొడుతుంది, అందుకే కాస్త బూడిదగా, మెత్తగా కనిపిస్తుంది. తర్వాతి కాలంలో నాణెంలా గుండ్రంగా, నున్నగా ఉండే రేకులు వచ్చాయి. ఇవి చాలా తెల్లగా మెరుస్తాయి. ఇప్పుడు షాపులో ‘బ్రైట్ సిల్వర్’ అని ఇచ్చే టోనర్లలో (రంగులు కలపడానికి వాడే మూల రంగులు) ఎక్కువ ఇవే. మైకా, పెర్ల్ కలిపిన రంగులు కార్లకు మామూలైంది 1980ల్లో. 1965 నాటి రోబో మీద పెర్ల్ పడిందంటే కాలమే తప్పినట్టు. కాబట్టి షాపులో మూడు మాటలు ఖచ్చితంగా చెప్పండి: మీడియం అల్యూమినియం కావాలి, బ్రైట్ వద్దు, పెర్ల్ ఒక్క గ్రాము కూడా వద్దు.

మొదలుపెట్టడానికి ఒక పాళ్లు: కిలో మీడియం సిల్వర్ బేస్‌కు 20 గ్రాముల నల్ల టోనర్. అక్కడి నుంచి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ, ప్రతిసారీ కొట్టి, ఆరనిచ్చి చూడండి. ముదురు చేయడం తేలిక, వెనక్కి తేవడం కష్టం. మామూలు కారు సిల్వర్ కన్నా ఒక మెట్టు ముదురు, గన్‌మెటల్ కన్నా బాగా లేత, ఆ మధ్యలోనే వెతకండి. నల్ల టోనర్లలో కొన్నిటికి లోపల నీలి ఛాయ ఉంటుంది. అది పడితే రోబో ఈ కాలపు సెడాన్ అయిపోతుంది. ఛాయ లేని నలుపు గానీ కొద్దిగా గోధుమకు మొగ్గే నలుపు గానీ అడగండి. లేత చేయడానికి తెలుపు కలపకూడదు. తెలుపు పడితే పక్క నుంచి చూసినప్పుడు ముదురు కావాల్సిన అంచు పాలుపోసినట్టు తెల్లబడుతుంది, లోహం అనే భ్రమే పోతుంది.

కంప్యూటర్ మ్యాచింగ్ చేయించేటట్టయితే ఆ యంత్రం ఎన్ని కోణాల్లో చదువుతుందో ముందు అడగండి. ఒకే కోణంలో చదివేది సాదా రంగులకు సరిపోతుంది. మెటాలిక్‌కు కనీసం ఎదురు, మధ్య, పక్క అని మూడు కోణాలు కావాలి.

నమూనా ముక్క

చదునైన కార్డు మీద పరీక్ష చేస్తే మోసపోతారు, ఎందుకంటే మొండెం గుండ్రం. 110 మి.మీ. పీవీసీ పైపు తెచ్చి, 30 సెం.మీ. ముక్కలు కోసి, ఒక్కోదాన్ని నిలువుగా రెండుగా చీల్చండి. 320 పేపరుతో గరుకు చేసి, ప్లాస్టిక్ ప్రైమర్, దానిపైన మొండేనికి వాడబోయే సర్ఫేసరే (గీతలు నింపి నున్న చేసే పూత) కొట్టండి. ఆ పైన బేస్, అంటే వెండి రంగు పూత. ఆరాక ముక్కను టేపుతో అడ్డంగా మూడు పట్టీలు చేసి క్లియర్ (రంగు లేని పైపూత) వేయండి: పైన పూర్తి గ్లాసు (నిండు మెరుపు), మధ్యలో సెమీ గ్లాసు (సగం మెరుపు), కింద శాటిన్ (మసక మెరుపు).

ఇప్పుడు గది చీకటి చేసి ఒక హాలోజన్ బల్బు వెలిగించండి. ఎల్‌ఈడీ వద్దు. ముక్కను నిలువుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. పై పట్టీలో బల్బు రూపం అద్దంలో చూసినట్టు స్పష్టంగా, దారంలా సన్నని గీతగా కనిపిస్తుంది. అది ఈ కాలపు క్లియర్ లోతు. కింది పట్టీలో గీతే ఉండదు, పొడి బూడిద రాసినట్టుంటుంది. మధ్య పట్టీలో బల్బు ఆకారం తెలియదు గానీ వేలి వెడల్పు వెలుగు చార కనిపిస్తుంది, దాని రెండు అంచులూ నెమ్మదిగా ముదురులోకి కరిగిపోతాయి. ఫ్రేములోని మొండెం పక్కన ఈ మధ్య పట్టీని పెట్టి చూస్తే ఎందుకు దాన్నే ఎంచుకోవాలో అర్థమవుతుంది. మెరుపు కొలిచే గ్లాస్ మీటరు ఉంటే 60 డిగ్రీల కోణంలో 50 నుంచి 60 మధ్య రీడింగు మంచి గురి. పూర్తి గ్లాసు క్లియర్ అయితే 85 దాటుతుంది.

మళ్లీ కలపాల్సి వస్తే పనికొచ్చేలా ముక్క వెనక పాళ్లు, నాజిల్ సైజు, ఒత్తిడి మార్కరుతో రాయండి.

పునాది

మొండెం ఫైబర్‌గ్లాస్ కాబట్టి మొదటి శత్రువు అచ్చు నుంచి అంటుకొచ్చిన మైనం. దాన్ని తీయకుండా ఎమరీ కొడితే మైనం గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత పెయింటు చేపకళ్లలా గుండ్రంగా విచ్చుకుంటుంది. ముందు సబ్బునీళ్లు, తర్వాత వ్యాక్స్ రిమూవర్. ఒక గుడ్డతో తడిపి, అది ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయాలి. ఆ తర్వాతే 180, 320 పేపర్లు.

ఫైబర్ పైపొర అయిన జెల్‌కోటులో సూదిమొన చిల్లులుంటాయి. వాటిని పాలిస్టర్ పుట్టీతో, బ్లేడు గట్టిగా అదిమి నింపండి. ప్రైమర్ నింపేస్తుందిలే అనుకోవద్దు. అది చిల్లు మీద పొరలా కట్టుకుని, ఎండలో లోపలి గాలి వ్యాకోచించగానే పగులుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీని మందంగా పెట్టి పైన పీయూ (పాలియురేథేన్) పెయింటు కొట్టే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఈ పనికి అది పనికిరాదు. ఎన్‌సీ నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది, అతుకుల గీతలు మళ్లీ బయటపడతాయి.

ఎపాక్సీ ప్రైమర్ ఒకటి, దాని మీద టూకే (హార్డెనర్ కలిపి వాడే) సర్ఫేసర్ రెండు మూడు కోట్లు. పైన నల్ల పొడి గానీ పల్చని నల్ల స్ప్రే గానీ చల్లి, చెక్కకు చుట్టిన పేపరుతో రుద్దండి. నలుపు మిగిలిన చోటల్లా గుంట ఉన్నట్టు. చివరి రుద్దుడు 800 నీళ్ల పేపరుతో. సాదా రంగు కింద 400 గీత దాగుతుందేమో గానీ మెటాలిక్ కింద దాగదు. పలుకులు ఆ గీత వెంట వరుస కడతాయి.

లోపలి వైపూ మర్చిపోకండి. ఫైబర్ పల్చగా ఉన్నచోట, ఛాతీలోని లైట్లు వెలిగినప్పుడు గోడ గుండా ఎర్రటి వెలుగు తెలుస్తుంది. లోపల మాట్ బ్లాక్ రెండు కోట్లు వేస్తే సరి.

బేస్ కొట్టడం

పెయింటు తడిగా పడితే పలుకులు అడుగుకు దిగి రంగు ముదురుతుంది. పొడిగా పడితే పలుకులు పైనే నిలిచి రంగు తేలి, గరుకవుతుంది. ఒకే డబ్బా ఇద్దరు పెయింటర్ల చేతిలో రెండు రంగులయ్యేది ఇందుకే. కాబట్టి మొండెం, పైన ఉండే రాడార్ భాగం, కింది ట్రెడ్ పెట్టె, మొత్తం ఒకే పూట, ఒకే గన్నుతో, ఒకే చేత్తో కొట్టాలి. ప్రతి భాగాన్నీ రోబోలో ఎలా నిలబడుతుందో అలాగే నిలబెట్టి కొట్టాలి. పడుకోబెట్టి కొట్టిన మొండేన్ని లేపి నిలబెడితే పలుకు వాలు వేరై, పక్కనున్న భాగంతో కలవదు.

నాజిల్ 1.3 లేదా 1.4, గాలి 2 బార్ దగ్గర, దూరం 15 నుంచి 20 సెం.మీ., ప్రతి వరుసా ముందుదాని మీద సగానికి పైగా ఎక్కాలి. మొండేన్ని తిరిగే బల్ల మీద పెట్టి, వీపు వైపు మొదలుపెట్టి వీపు దగ్గరే ముగించండి, అతుకు అక్కడే పడుతుంది. కోటుకూ కోటుకూ మధ్య 10 నుంచి 15 నిమిషాలు. రెండు మూడు కోట్లకు నిండుతుంది. చివర్లో ఒత్తిడి తగ్గించి, 30 సెం.మీ. దూరం నుంచి ఒక పల్చని తుంపర కోటు. పులిచారల్లా కనిపించే మచ్చలు దీంతోనే సర్దుకుంటాయి. బేస్ మీద దుమ్ము పడితే పేపరు పెట్టి గీకి అలాగే క్లియర్ కొట్టేయకండి, పలుకులు చిరిగి అక్కడ నల్లటి మచ్చ అవుతుంది. గీకాక మళ్లీ బేస్ వేయాల్సిందే.

నాలుగైదు చదరపు మీటర్లకు, థిన్నర్ కలపక ముందు లీటరు బేస్ సరిపోతుంది, ఒకటిన్నర తీసుకోండి. డబ్బాలు రెండయితే రెండూ ఒక బకెట్లో పోసి కలిపేయండి. పావు లీటరు మూత బిగించి దాచండి. రేపు గీత పడితే దాన్ని కప్పే రంగు అదొక్కటే.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మే నెలలో కొట్టించేవాళ్లు స్లో థిన్నర్ అడగాలి. మామూలు థిన్నర్ గన్ను నుంచి మొండేనికి చేరేలోపే ఎగిరిపోయి పూత పొడిపొడిగా పడుతుంది. వానాకాలంలో కోస్తాలో పాత పద్ధతి ఎన్‌సీ లాకరే కావాలని పట్టుబడితే, గాలిలో తేమ పట్టి పూత తెల్లగా పొగబారుతుంది. పొద్దెక్కి గాలి పొడిబారాక కొట్టండి.

క్లియర్

గ్లాసు క్లియర్ కొట్టి తర్వాత రుద్ది మెరుపు తగ్గిద్దామనుకుంటే, మూలల్లో ఒకలా, చదునులో ఒకలా వస్తుంది. మొదటి నుంచే సెమీ గ్లాసు క్లియర్ వాడండి. అందులో మెరుపు తగ్గించే మ్యాటింగ్ పొడి అడుగుకు దిగిపోతుంది కాబట్టి డబ్బా బాగా కలపాలి, పని మధ్యలోనూ కలుపుతూ ఉండాలి. సరిగ్గా రెండు కోట్లు. మూడోది మందంగా పడితే మెటాలిక్ మీద పాలపొర కడుతుంది. కారినా, దుమ్ము పడినా పాలిష్ పట్టే వీలు లేదు, ఆ భాగం మొత్తం మళ్లీ కొట్టాలి. టూకే హార్డెనర్‌లో ఐసోసైనేట్ అనే హానికర రసాయనం ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగేది కాదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి.

మిగతావి

పంజాలు సాదా ఎరుపు, మెటాలిక్ కాదు. అల్యూమినియం పంజాలయితే లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ లేకుండా రంగు నిలవదు, ఒకదానికొకటి తగిలినప్పుడల్లా పెచ్చులూడుతుంది. ఎరుపు సరిగా కప్పదు కాబట్టి కింద లేత బూడిద వేసి నాలుగు పల్చని కోట్లు కొట్టండి.

చేతుల ముడతల రబ్బరుకు పెయింటు వద్దు. వంగినచోటల్లా పగులుతుంది. రబ్బరు రంగే సరిగ్గా ఎంచుకుని తెచ్చుకోండి.

తల మీది అక్రిలిక్ బుడగను మొండెం కొట్టిన వెంటనే బిగించకండి. ఇంకా ఆరుతున్న పూత నుంచి వచ్చే థిన్నర్ ఆవిరి లోపల చిక్కుకుంటే అక్రిలిక్‌లో వెంట్రుక లాంటి పగుళ్లు లేస్తాయి, అవి మళ్లీ పోవు. వారం ఆగి బిగించండి. తుడవడానికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.